కడగని క్యారేజీ

మైక్రోకెర్నెల్ అంటే ఆస్తి పంపకాలయ్యాక మిగిలిన ఇంటిపెద్ద. ఫైళ్లు, నెట్‌వర్కు, డ్రైవర్లు మామూలు ప్రాసెస్‌లుగా ఎవరి వేరు కాపురం వారు పెట్టుకుంటారు. ఒకరి మెమరీలోకి మరొకరు తొంగిచూడకూడదు. పెద్దాయనకు మిగిలే ప్రధాన ఉద్యోగం గడపగడపకూ సందేశాలు మోయడం. ఇంటి గుట్టు బయటపడే దారుల్లో రెండు ఆ మోతలోనే ఉన్నాయి.

మొదటి దారి మహా నాసిరకం. సీ భాషలో ఒక బైటు అక్షరం, దాని పక్కన నాలుగు బైట్ల అంకె పెట్టి స్ట్రక్చర్ కడితే, కంపైలర్ మామూలుగా 8 బైట్లు కేటాయిస్తుంది. సరుకు 5 బైట్లే. ఖాళీగా ఉన్న 3 బైట్లలో ఎవరూ ఏమీ రాయరు గనక పాత సంగతులే మిగిలి ఉంటాయి. మొత్తాన్ని కాపీ చేసి పంపితే, కడగని క్యారేజీలో ఇవాళ్టి అన్నంతోపాటు నిన్నటి పప్పూ పొరుగింటికి చేరుతుంది. ఆ పప్పు పాస్‌వర్డు ముక్క కావచ్చు, మెమరీ చిరునామా కావచ్చు. ముందే సున్నాలతో కడిగేస్తే సరి. వేగం పేరు చెప్పి ఆ కాసిని నీళ్ల దగ్గరే పిసినారితనం.

రెండో దారి నాజూకైనది. వినడమే తప్ప మాట్లాడే హక్కు లేని ప్రాసెస్ కూడా మాట్లాడగలదు. ఒక సందేశం అందుకుంటే ఒకటి, అందుకోకపోతే సున్నా. పంపినవాడికి ఆ తేడా తెలిస్తే చాలు. అందుకే ఎస్‌ఈఎల్‌4 అనే మైక్రోకెర్నెల్‌లో ఆగకుండా పంపే సందేశానికి అందుకునేవాడు సిద్ధంగా లేకపోతే అది గప్‌చుప్‌గా గాలిలో కలుస్తుంది. పంపినవాడికి కబురుండదు. రిజిస్టర్డ్ పోస్టుకు అలవాటుపడ్డవాళ్లకు ఇది అన్యాయంగా కనిపించవచ్చు, భద్రతకు మాత్రం ఇదే మర్యాద.

ఇలాంటి చాటుదారుల గురించి కంప్యూటర్ శాస్త్రవేత్త బట్లర్ లాంప్సన్ 1973లోనే రాశారు. నోరు కట్టేసిన ప్రోగ్రామ్ కస్టమర్‌కు వేసే బిల్లులో కూడా రహస్యం దాచి పంపగలదని ఆయన అనుమానం. బిల్లులు చూసినవారెవరూ కాదనరు.

మూడో దారికి సందేశమే అక్కర్లేదు, కాలం చాలు. ఎస్‌ఈఎల్‌4 కోడ్ సరైనదని 2009లో గణితపరంగా నిరూపించారు. సమాచారం హద్దు దాటదన్న నిరూపణ 2013లో వచ్చింది, కానీ గడియారం ద్వారా జరిగే లీకులు దాని లెక్కలో లేవు. ప్రాసెసర్‌లోని ఉమ్మడి క్యాష్ మెమరీలో ఒకరు తిరిగిన జాడ తర్వాతివాడి ఆలస్యంలో కనిపిస్తుంది. క్యాష్ తుడిచేద్దామంటే, తుడవడానికి పట్టిన సమయమే ఎంత మురికి ఉందో చెప్పేస్తుంది. దీనికి ఎస్‌ఈఎల్‌4 పరిశోధకులు 2019లో ప్రతిపాదించిన విరుగుడు సర్కారీ ఆఫీసులకు కొత్తేమీ కాదు: తుడవడం ఎంత ముందు అయిపోయినా, నిర్ణీత సమయం దాకా కెర్నెల్ ఖాళీగా కూర్చోవాలి.