పాత జెట్టు కలదు: టీకా తాత్పర్య సహితము

పాత జెట్టు కలదు భద్రమౌ లాగులు
గంటలల్పమింక కంట జూడ
తైలమొకటి పోసి దర్జాగ నెగురుడీ
ధరకు మాత్రమయ్య దారి ఫోను

అవతారిక: అమెరికాలో ఒకానొక యజమాని తన చిన్న బిజినెస్ జెట్‌ను అమ్మదలచి లోకానికి విన్నవించుకుంటున్న సందర్భం. ఆటవెలది. యతులు సరిపోయాయి. తక్కినవి సరిపోయాయో లేదో కొనేవాడు చూసుకోవాలి.

ప్రతిపదార్థము: పాత జెట్టు = 1970లలో కాన్సాస్ రాష్ట్రం విచిటాలో సెస్నా వారు చేసిన సైటేషన్; కలదు = ఇంకా అమ్ముడుపోలేదు; భద్రమౌ లాగులు = పోగొట్టుకోని లాగ్‌బుక్కులు, నిక్కర్లు కావు; గంటలు అల్పము = ఎగిరింది తక్కువ; తైలమొకటి పోసి = ఇంధనం తప్ప మరో ఖర్చు లేదన్నట్టుగా; దర్జాగ నెగురుడీ = పైలట్‌కు ఆ విమానపు టైప్ రేటింగ్ ఉన్నచో ఎగురుడీ. తక్కినది సుబోధము.

తాత్పర్యము: ఇంజన్లు చేయించడం కంటే విమానం వదిలించుకోవడమే చవకని యజమాని లెక్క తేల్చుకున్నాడు.

విశేషములు: 'దర్జా' అన్నది వేగపరంగా అన్వయించరాదు. 1969లో తొలిసారి ఎగిరిన ఈ సైటేషన్‌వి తిన్నని రెక్కలు, నింపాది నడక. వేగానికి పేరుపడ్డ లియర్‌జెట్ పక్కన నిలబెట్టి దీన్ని 'నియర్‌జెట్' అన్నారు. దీనికి పక్షులు వెనకనుంచి వచ్చి తగులుతాయని పైలట్ల పరిహాసం. అయితే పొట్టి రన్‌వే మీద దిగగలదు. 501 రకమైతే ఒక్క పైలట్‌తోనే నడుస్తుంది. దర్జా అంతా అక్కడే.

'గంటలల్పము' అన్నది కవి గుణంగా చెప్పాడు. వ్యాఖ్యాతకిది దోషంగానే తోస్తున్నది. హ్యాంగర్‌లో ఏళ్ల తరబడి నిలబడ్డ విమానానికి తుప్పు పడుతుంది, సీళ్లు ఎండిపోతాయి. పైగా తనిఖీలకు గంటలతోపాటు క్యాలెండరు కూడా లెక్కే. ఫేజ్ ఫైవ్ అనే పెద్ద తనిఖీ 1,200 గంటలకో 36 నెలలకో, ఏది ముందైతే దానికి. ఎగరని విమానానికీ నెలలు ఆగవు, బిల్లూ ఆగదు.

'తైలమొకటి' అన్నచోట అతిశయోక్తి. రెక్కల వెనక వీపుకు అటూ ఇటూ ఉన్న ప్రాట్ అండ్ విట్నీ కెనడా వారి జేటీ15డీ ఇంజన్లు రెంటికీ 3,500 గంటలకు ఓవర్‌హాల్, సగం దారిలో హాట్ సెక్షన్ తనిఖీ. పాత సైటేషన్‌కు రెండూ ఒకేసారి ఓవర్‌హాల్‌కొచ్చాయంటే ఆ ఖర్చు విమానం ఖరీదును దాటిపోవచ్చు. అందుకే ఎగిరిన గంటకింతని ముందే కట్టుకుంటూ పోయే ఇంజన్ ప్రోగ్రాములున్నాయి. అందులో చేరిన విమానమైతే ఆ సంగతి ఏ యజమానీ దాచుకోడు, ప్రకటన మొదటి పాదంలోనే చెప్పుకుంటాడు. ఈ కవి నాలుగు పాదాల్లో ఎక్కడా చెప్పలేదు. ఇదే ఈ పద్యంలోని ధ్వని. వాచ్యార్థం దగ్గరే ఆగిపోయే రసికుడు చెక్కు రాసేస్తాడు.

'లాగులు' విషయంలో మాత్రం కవిని శంకించనక్కరలేదు, పుస్తకాలు తెప్పించుకుని చదివితే చాలు. ఇంజన్‌లో ఆయుఃపరిమితి గల భాగాలుంటాయి. పుట్టినది మొదలు ఎన్నిసార్లు తిరిగిందో కాగితం చూపించలేని భాగం, చూపులకు ఎంత మెరిసినా, పనికిరానిదే. విమానం మీది అప్పుల సంగతి ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రీలో వెతికించాలి. డబ్బు ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి దగ్గర, పెట్టాలి. కొనేముందు చేయించే తనిఖీ, ఇన్నాళ్లూ ఆ విమానాన్ని చూసుకున్న మెకానిక్ చేతికి ఇవ్వరాదు. తన పనిని తానే తప్పుపట్టే మహానుభావులు అరుదు.

పాఠాంతరము: మూడవ పాదానికి బదులు కొన్ని ప్రతులలో 'ఉన్న తీరుగానె యున్నచో నమ్మెద' అని కనబడుతున్నది. అనగా విమానం ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలో, ఎక్కడుంటే అక్కడే అప్పగింత. తరువాత పూచీ లేదు. ప్రకటనల్లో తైలపాఠమే ప్రసిద్ధం. సంతకాలు పడే ఒప్పందంలో లాయర్లు రెండవ పాఠాన్నే గ్రహిస్తారు.