‘పాలు పోసినావు’ పద్యానికి టీకా తాత్పర్యం

పాలు పోసినావు పాముపిల్లకు నీవు
బల్లి తోక మీద పారె చూపు
నాల్క సాచి చూచి నడిరేయి గోడెక్కి
తినియె నదియె తనదు తిండి యనుచు

అవతారిక: గడ్‌చాందూర్ చంద్రపూర్ జిల్లాలో సిమెంటు ఊరు. ఆ ఊరున్న రాజురా ప్రాంతం నిజాం కాలంలో మన ఆదిలాబాద్ జిల్లాలోదే. రాష్ట్రాల పునర్విభజనలో మరాఠీ వైపుకు పోయి, 1959లో చాందా (నేటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది. కనుక అక్కడ తెలుగు పద్యం పుట్టడం వింత కాదు. పాము పుట్టడం అసలే వింత కాదు: పక్కనున్న మాణిక్‌గఢ్ కోటను కట్టించింది నాగవంశపు రాజులేనని చెప్తారు. ఒక గృహస్థుకు గ్యాస్ బండ వెనక జానెడు పాముపిల్ల దొరికింది. గోధుమరంగు ఒళ్ళు, తెల్లటి పట్టీలు. మరాఠీవాళ్ళు కవడ్యా అంటారు, విషం లేదు. ఆయన దాన్ని మిఠాయి డబ్బాలో పెట్టి, మూతకు బెజ్జాలు పొడిచి, పెంచుకుందామనుకున్నాడు. కవి పక్కింటివాడు. మాటలు ఆగిపోతాయన్న భయంతో పేరు దాచుకున్నాడు.

ప్రతిపదార్థం: నీవు = ఓ దయగల గృహస్థా; పాముపిల్లకు = ఆ కవడ్యాకు; పాలు = ప్యాకెట్ పాలు; పోసినావు = సీసా మూతలో పోసితివి; చూపు = దాని దృష్టి; బల్లి తోక మీద = ట్యూబ్‌లైటు పక్కన ఆడుతున్న తోకపై; పారెన్ = పరుగెత్తెను; నడిరేయి = నీవు గురక పెట్టువేళ; నాల్క సాచి చూచి, గోడెక్కి = స్పష్టము; అదియె తనదు తిండి యనుచు = ఎవరూ నేర్పకయే తెలిసికొని; తినియెన్ = మ్రింగెను.

తాత్పర్యం: పాలు పాలుగానే ఉన్నాయి, బల్లి లేదు.

విశేషాలు: ‘పాలు’ అన్న మాటతోనే కవి ఎత్తిపొడుపు మొదలైంది. పాలిచ్చే తల్లి పాముల్లో లేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు కడుపులో మిగిలిన సొనే తొలి రోజుల బత్తెం. చాలా జాతుల్లో మొదటి కుబుసం విడిచాకే వేట మొదలవుతుంది. ఇక్కడ పూర్వపక్షి లేచి, “పాము పాలు తాగడం కళ్ళారా చూశాం” అంటాడు. చూసే ఉంటాడు. గడ్‌చాందూర్‌లో పాలు పోసే రోజులు రెండు: శ్రావణంలో మరాఠీవాళ్ళ నాగపంచమి, కార్తీకంలో కోస్తానుంచి వచ్చినవాళ్ళ నాగుల చవితి. పాములవాడి బుట్టలో దాహంతో మాడిన పాము ఎదుట ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. ఆ పాలు దానికి అరగవు. దానికి కావలసినవి నీళ్ళు.

‘తోక మీద’ అనడంలో కవి నిశితదృష్టి చూడండి. ‘బల్లి మీద’ అని ఉంటే ఛందస్సుకు ఏదో ఒకటి అతికించవచ్చు, వేటకు అతకదు. కదలని బల్లి పాము కంట పడకపోవచ్చు, కదిలే తోక తప్పక పడుతుంది. కొత్త వేటగాడు ఆ తోకనే పట్టుకుంటాడు. బల్లి తోక వదిలేసి ట్యూబ్‌లైటు వెనక్కి పోతుంది. ఊడిన తోక గచ్చు మీద కాసేపు ఎగిరెగిరి పడుతుంది. పిల్ల దాన్నే మింగి ఊరుకుంటుంది. మన కథానాయకుడు అంతటితో ఆగలేదు కాబట్టే పద్యమైంది. కవడ్యాకు పై దవడలోనూ కింది దవడలోనూ ముందరి పళ్ళు పెద్దవి, జారిపోయే బల్లుల్ని పట్టడానికి పనికొస్తాయి. నాలుకతో తడిమి, తల ఎటుందో వెతుక్కుని, అటునుంచే మొదలుపెడుతుంది. కాళ్ళు వెనక్కి మడుచుకుని ఒంటికి అంటుకుంటాయి కాబట్టి గొంతులో అడ్డం పడవు. కింది దవడ రెండు ముక్కలూ ముందుభాగంలో కలిసి ఉండవు గనుక ఒక పక్క ముందుకు జరుగుతుంది, తరువాత రెండో పక్క. మధ్యలో ఊపిరాడడానికి గాలిగొట్టం మూతి నోటి ముందుకు వస్తుంది.

‘నాల్క సాచి చూచి’: నాలుకతో చూడడమేమిటని నవ్వకండి. చీలిన నాలుక రెండు కొనలూ గాలిలోని వాసన రేణువుల్ని ఏరి, అంగిట్లో ఉన్న జేకబ్సన్ అవయవానికి అందిస్తాయి. ఏ కొనకు ఎక్కువ అంటిందో దాన్ని బట్టి దిక్కు తెలుస్తుంది. తిండి వాసన గుర్తుపట్టడం నేర్చుకున్న విద్యా, పుట్టుకతో వచ్చిందా అన్న వాదాన్ని అమెరికాలో గోర్డన్ బర్గార్ట్ పరీక్షకు పెట్టాడు. ఇంకా ఏమీ తినని గార్టర్ పాముపిల్లల ముందు రకరకాల జీవుల వాసన పట్టించిన దూదిపుల్లలు పెడితే, ఏ జాతి పిల్ల ఆ జాతి సహజాహారం వాసనకే నాలుక ఎక్కువ ఆడించి మీదికి దూకింది. 1967లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. జన్మాంతర వాసన అని మన తార్కికులనేది ఇదేనేమో. ఇక్కడ మాత్రం నాలుకకు తగిలేదే.

పాఠాంతరం: రెండో పాదాన్ని కొందరు ‘ఎలుక తోక మీద పారె చూపు’ అని చదువుతారు. పట్నాల్లో ఆఫ్రికా బాల్ పైథాన్‌లను పెంచేవాళ్ళు చేర్చిన పాఠం ఇది. గడ్డకట్టించిన చుంచెలుకను కరిగించి, గోరువెచ్చ చేసి, పటకారుతో పట్టి ఆడిస్తారు. ఆ పాము పెదవుల మీది గుంటలు వేడిని పసిగడతాయి కనుక చల్లని ఎలుకను ఎలుకగా ఒప్పుకోదు. ఒక్కోసారి నెలల తరబడి తిననంటుంది, యజమాని బెంగతో చిక్కిపోతాడు. సమాచారంగా ఈ పాఠం సరైనదే. కాని ‘ఎ’కూ ‘పా’కూ యతి కుదరదు. కనుక ప్రక్షిప్తం.

‘తినియె’ అన్నదగ్గర కవి ఆగిపోయాడు, వ్యాఖ్యాత ఆగకూడదు. తిన్న పాముపిల్లను చేతిలోకి తీసుకుంటే మింగింది కక్కేయవచ్చు. అరగడానికి వెచ్చదనం కావాలి. చంద్రపూర్ జిల్లాలో దానికి లోటు లేదు, మే నెలలో 47 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. కుబుసానికి ముందు కళ్ళు పాలరంగుకు తిరిగినప్పుడు తిండి మానేస్తుంది. అప్పుడు కూడా పాలు పోయవద్దు.

దోషవిచారం: పద్యంలో దోషం లేదు, గృహస్థుదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన నేల పాముల్ని పట్టి పెంచుకోవడం నేరం. డబ్బా బెజ్జంలోంచి పాము జారిపోయింది కాబట్టి ఆయనా చట్టంలోంచి జారిపోయాడు. ఇంకో మాట. కవడ్యాను చూసి కట్లపామని చంపేవాళ్ళున్నారు, కట్లపామును చూసి కవడ్యా అని పట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. కట్లపాము పిల్లకు పుట్టుకతోనే విషం ఉంటుంది. పట్టీలు లెక్కపెట్టడానికి వంగవద్దు. దూరంగా నిలబడి సర్పమిత్రను (పాములు పట్టి వదిలేవారిని) పిలవండి, లేదా మహారాష్ట్ర అటవీశాఖ నంబరు 1926కు ఫోన్ చేయండి.