రాయి లేని సీమలో రాళ్ళదారి సవారీ

కాస్త డబ్బూ, ఆదివారం తీరికా ఉన్నవాళ్ళ సరదాల్లో ఈమధ్య గ్రావెల్ బైకింగ్ వచ్చి చేరింది. బైక్ అన్నారు కదా అని మోటారు సైకిలు అనుకునేరు, తొక్కే సైకిలే. నున్నటి తారు రోడ్డుని చిన్నచూపు చూసి, కంకర దారుల్లో, మట్టి బాటల్లో, కుదిరితే ఒక పక్క కొండచరియా ఇంకో పక్క సముద్రమూ ఉన్నచోట, ఒళ్ళు హూనమయ్యేలా తొక్కడమే ఇందులో మజా. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు ఎంపోరియా అనే చిన్న ఊళ్ళో 2006లో కొద్దిమందితో మొదలైన రెండొందల మైళ్ళ పందెం ఈ వేడుకకు పెద్ద పేరు తెచ్చింది. 2022లో ఇటలీలో దీనికి ఏకంగా ప్రపంచ ఛాంపియన్‌షిప్పే పెట్టారు. మన నగరాల షోరూముల్లోనూ ఈ సైకిళ్ళు లక్షలు పలుకుతున్నాయి. ఎవరి సరదా వాళ్ళది, దాంతో పేచీ లేదు. పేచీ అల్లా దాని తోక పట్టుకుని వస్తున్న సిద్ధాంతంతోనే. గతుకుల దారే అసలు సిసలు దారిట, తారు పోస్తే పల్లె అందం చెడుతుందిట, కరుకుదనంలోనే తీరం సొగసంతా ఉందిట. మంచిదే, ఈ సిద్ధాంతాన్ని పెడన, బందరు, దివిసీమల మీద ఒకసారి నడిపించి చూద్దాం.

మొదటి చిక్కు భూగోళానిది. ఇది కృష్ణమ్మ ఒండ్రు తెచ్చి పోసిన నేల. ఎంత తవ్వినా బంకమట్టీ ఇసకా తప్ప రాయి తగలదు. మంగినపూడి బీచ్‌కి వెళ్ళినవాళ్ళ కాళ్ళకి అంటుకొచ్చేది కూడా నల్లమట్టే. కొండచరియలు కావాలంటే భీమిలి వైపు పోవాలి. ఇక్కడ కరకట్ట ఎక్కితే అదే కొండ, తుపాను షెల్టరు మేడెక్కితే అదే శిఖరం. ఈ తీరాన చెప్పుకోదగ్గ రాళ్ళంటే శంకుస్థాపన రాళ్ళే. బందరు పోర్టుకి 2008లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఇంకొకటి వేశారు. రోడ్డు మీద పరిచే గ్రావెల్ కావాలంటే గన్నవరం, ఆగిరిపల్లి వైపు మెట్ట నుంచి టిప్పర్లలో రావాల్సిందే. ఈ తీరానికి కరుకుదనం ఉంటే బాగుండునని కోరుకునే హక్కు ఎవరికైనా ఉంటే అది దివిసీమ వాళ్ళకే ఉంది. చరియ అనేది ఒకటి నిజంగా ఉండుంటే 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేల ప్రాణాలను అంత తేలిగ్గా ఊడ్చుకుపోయేది కాదు.

రెండోది దారి సంగతి. రేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. దాని మీద వేసిన తారు ఏటా రెండుసార్లు ఆ ఉబ్బునీ బీటనీ కాచుకోవాలి. ఆపైన కృత్తివెన్ను, బంటుమిల్లి వైపు చెరువులకి మేత మోసే లారీలు, దారి పొడుగునా నీళ్ళు కార్చుకుంటూ పోయే చేపల బళ్ళు. అన్నీ కలిసి తారుని కంకరగా, కంకరని గుంటగా మారుస్తాయి. వాన పడ్డాక అలాంటి దారిన సైకిలు మీద పోయేవాడిని దగ్గర్నించి చూడండి. పది గజాలకోసారి దిగుతాడు. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య సిమెంటులా బిగుసుకున్న బంకమట్టిని పుల్లతో పొడిచి పొడిచి తీస్తాడు. మళ్ళీ ఎక్కుతాడు, మళ్ళీ దిగుతాడు. చివరికి చెప్పులు హ్యాండిలుకి తగిలించి సైకిలునే భుజానికెత్తుకుంటాడు. 2023లో ఆ కాన్సాస్ పందెంలోనూ ఇదే జరిగింది. వాన పడి దారి బురదయ్యేసరికి పేరుమోసిన వీరులంతా సైకిళ్ళు మోసుకుంటూ నడిచారు, ఆ ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. మన పక్క ప్రతి శ్రావణమాసంలోనూ ఈ పందెం జరుగుతూనే ఉంటుంది. ఫోటోలు తీసేవాడే లేడు.

ఇక సైకిలు సంగతి. గ్రావెల్ సైకిలు గొప్పంతా దాని టైరులో ఉందంటారు, నలభై మిల్లీమీటర్ల వెడల్పట. మన పల్లెల్లో తాతల నాటి నల్ల సైకిలుకి వేసే టైరు సైజు ఇరవయ్యెనిమిది బై ఒకటిన్నర, అంటే వెడల్పు అంగుళంన్నర. మిల్లీమీటర్లలోకి మార్చితే ముప్పై ఎనిమిది. రెండు మిల్లీమీటర్ల తేడాకి లక్ష రూపాయలు! సామాను కట్టుకోవడానికి వీలుగా ఫ్రేముకి బోలెడు బొక్కలున్నాయని కంపెనీలు మురిసిపోతాయి. గిలకలదిండిలో పొద్దున్నే చేపలెత్తుకుని ఊళ్ళు తిరిగిన సైకిళ్ళకీ, పెడనలో కలంకారీ గుడ్డ మూటలు మోసిన సైకిళ్ళకీ వెనకాల ఉన్నది ఒక్క క్యారేజీ, ఒక్క రబ్బరు తాడు. అలాంటి సైకిళ్ళు లక్షల్లో చేసిన అట్లాస్ కంపెనీ తన చివరి ఫ్యాక్టరీని 2020 జూన్ 3న మూసేసింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం మన వ్యంగ్య రచయితల పొట్ట కొట్టింది, దానికి మించి రాయడానికి ఏముంటుంది?

దీనికి జవాబుగా ఇటలీని చూపిస్తారు. వాదన గట్టిదే, తోసిపారేయలేం. టస్కనీలో తెల్లటి కంకర రోడ్లు తారు కింద పడి మాయమైపోతున్నాయని 1997లో లెరోయికా అనే పాత సైకిళ్ళ యాత్ర మొదలుపెట్టారు. ఆ రోడ్లు మిగిలాయి, యాత్రికులొచ్చారు, ద్రాక్షతోటల ఊళ్ళకి పేరొచ్చింది. నిజమే. అయితే ఆ ఊరి మనిషికి గుండెనొప్పి వస్తే అంబులెన్సు ఎక్కడానికి వేరే తారు రోడ్డు ఉంది. కంకరదారిని అతను దాచుకున్నాడు, ఎందుకంటే అతనికి రెండో దారి ఉంది. మనకి కేంద్రమే 2000 డిసెంబరులో గ్రామ సడక్ యోజన పెట్టి, మైదాన ప్రాంతంలో 500 జనాభా దాటిన ప్రతి ఊరికీ అన్ని కాలాల్లో పనికొచ్చే రోడ్డు వేయాలని లెక్క రాసుకుంది. కొరత అని సర్కారే ఒప్పుకున్నదాన్ని సంపద అని చాటేవాడు, తనైతే 65వ నంబరు జాతీయ రహదారి మీద కారులో, నెత్తిన సైకిలు కట్టుకుని, కుదుపు తెలీకుండా వస్తాడు. తారు అయిపోయిన చోట అతని ఆట మొదలవుతుంది. అక్కడి వాళ్ళ పాట్లూ సరిగ్గా అక్కడే మొదలవుతాయి.

పర్యాటకం పెరిగితే నాలుగు డబ్బులొస్తాయి కదా అంటారు. వస్తే సంతోషమే, కొబ్బరిబొండాలవాడికి ఓ వంద మిగలొచ్చు. కానీ పెడనలో అచ్చులేసిన తానుల్ని కాలవలో జాడించి గట్ల మీద ఆరేస్తారు. పక్కన గ్రావెల్ రోడ్డుంటే, తడిగుడ్డ మీద పడే ఎర్రదుమ్ము ఏ చెట్టు రంగుకీ లొంగదు, ఆ తానుకి ధరా పలకదు. ఆ నష్టాన్ని ఏ యాత్రికుడి ఖాతాలో రాయాలి? సైకిలు తొక్కితే ఆరోగ్యం కదా అనే మాటకి మాత్రం ఎదురు లేదు. తొక్కండి, తారు మీద తొక్కినా గుండెకి అంతే మేలు.

అసలు భయం యాత్రికుల గురించి కాదు, ఈ సిద్ధాంతం రోడ్ల శాఖ చెవిన పడుతుందేమోనని. ఇన్నాళ్ళూ గోతుల్లో వరినాట్లు వేసి నిరసన తెలపడం, ఏ పార్టీ ప్రతిపక్షంలో ఉంటే ఆ పార్టీ హక్కుగా నడుస్తోంది. రేపు గుంటలన్నీ ‘సహజ సవాళ్ళు’ అయిపోతే ఆ నాట్లు వారసత్వ సంపదకు హాని చేసిన నేరం కిందికి వస్తాయి. మరమ్మతుల బిల్లుండదు, టెండరుండదు, ఒక బోర్డు పాతితే సరి. అర్జీ పట్టుకెళ్ళిన సర్పంచికి ఇంజనీరుగారు కాఫీ ఇప్పించి, మీ ఊరి రోడ్డు ప్రపంచ స్థాయిలో ఉందండీ అని సాగనంపొచ్చు.

కాబట్టి పందెం పెట్టదలిస్తే పెట్టండి, షరతులు మాత్రం మన నేలకి తగినట్టుండాలి. కాలం శ్రావణం, కార్తీకం కాదు. సైకిలు క్యారేజీ మీద ఒక వరి బస్తా ఉండాలి, ఖాళీగా తొక్కితే లెక్కలోకి రాదు. బయలుదేరడం పెడన నుంచి, జాతీయ రహదారి వదిలేసి లోపలి దారుల మీదే. ప్రవేశ రుసుము డబ్బు రూపంలో తీసుకోరు. ఇక్కడ గ్రావెల్ దొరకదు కనక తలకో ట్రాక్టరు లోడు మెట్ట నుంచి తోలించి, రోలరుతో సహా, పందెం రోజుకి ముందే దారి మీద పరిపించాలి. రసీదు పంచాయతీ ఆఫీసులో ఇస్తారు, అక్కడిదాకా వెళ్ళగలిగితే.