మెదక్ కోట ఫిరంగిని

మెదక్ కోటలో ఉన్న పాత ఫిరంగిని నేను. పొడవు 3.2 మీటర్లు, పుట్టింది 17వ శతాబ్దంలో. ఎలా తయారయ్యానో ఇప్పుడెందుకు గానీ, నా పని సంగతి చెప్తాను.

మందు అంటుకోగానే గుండు ముందుకు దూసుకుపోతుంది. ఆ క్షణానే ఫిరంగి వెనక్కి తంతుంది. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది ద్రవ్యవేగం. గుండుకు ముందుకు ఎంత ద్రవ్యవేగం దక్కుతుందో, ఫిరంగికి వెనక్కి అంతే. లెక్క కోసం గుండు 10 కిలోలు, దాని వేగం సెకనుకు 300 మీటర్లు అనుకోండి. ద్రవ్యవేగం 3000. నా బరువు 3000 కిలోలైతే సెకనుకు ఒక మీటరు వేగంతో వెనక్కి జరుగుతాను. మందు పొగ మోసుకుపోయేది కూడా కలిపితే ఇంకాస్త ఎక్కువే.

మరి గోడ కూలేది గుండు దెబ్బకే ఎందుకు? వేగం రెట్టింపైతే ద్రవ్యవేగం రెట్టింపవుతుంది, గతిశక్తి, అంటే కదలిక వల్ల వచ్చే శక్తి, మాత్రం నాలుగింతలవుతుంది. పై లెక్కలో గుండు గతిశక్తి 4,50,000 జౌల్స్, నాది 1,500. శక్తి దాదాపు అంతా గుండుకిచ్చి, తన్ను మాత్రం ఫిరంగి ఓర్చుకుంటుంది. నా జాతికి అదే గర్వం.

ఈ తన్ను వెనకున్న సూత్రాన్ని చెప్పిన న్యూటన్ పుస్తకం 'ప్రిన్సిపియా' అచ్చయింది 1687లో. గోల్కొండ ఔరంగజేబు వశమైందీ ఆ ఏడే. ఫిరంగులు ఎప్పటినుంచో పాటిస్తున్న సూత్రం పుస్తకానికెక్కిన ఏడాదే గోల్కొండలో కుతుబ్ షాహీల ఏలుబడి ముగిసింది. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషాయన వేలాడదీసిన దిమ్మెను తుపాకీ గుండుతో కొట్టి, అది ఎంత దూరం ఊగిందో చూసి గుండు వేగం లెక్కగట్టాడు. కంటికి అందని వేగాన్ని ద్రవ్యవేగమే పట్టిచ్చింది.

ఇప్పుడు సింహద్వారం, గజద్వారం దాటి, ఆయాసపడుతూ కొండెక్కి వచ్చేవాళ్లు నా మీద కాళ్లు చాపుకుని కూర్చుంటారు. ఫొటోలు దిగుతారు. తాళంచెవితో పేర్లు గీకుతారు. ఒక పేరు పక్కన ఇంకో పేరు, మధ్యలో బాణం గుర్తు. ఆ గీత వానకు పోదు, ఎండకు పోదు. గుండు దూసుకుపోవలసిన నోట్లో చిప్స్ కవర్లు, నలిపేసిన నీళ్ల సీసా కుక్కిపోతారు. గాలి వీచినప్పుడల్లా ఆ సీసా లోపల దొర్లుతుంది. మూడు వందల ఏళ్లు దాటిన దాన్ని, ఇంత అవమానం నాకెందుకో అర్థం కాదు.

పిల్లల్ని కోటకు తీసుకొచ్చే మాస్టార్లూ, ముందు నా నోట్లోని చెత్త తీయించండి. తర్వాత వాళ్లను నా పక్కన కూర్చోబెట్టి, పై లెక్కలోని వేగంతోనే 20 కిలోల గుండు వెళ్తే నేనెంత వేగంతో వెనక్కి తంతానో లెక్క చేయించండి.