చెవికి సర్టిఫికెట్

గుడివాడ పక్క చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల పాట వినాలన్నా ఇప్పుడు ముందు గ్రాఫు చూడాలట! బందరు కోనేరు సెంటర్లో మూడొందల ఇయర్‌ఫోన్ బేరమాడుతున్న పెద్దాయనకు ఓ కుర్రాడి హితబోధ: ‘‘బేస్ ఎక్కువ తాతగారూ, హార్మన్ కర్వ్‌కి సరిపోదు. ఇరవై వేల హెర్ట్జ్ దాకా పలకాలి.’’ ఆ పై మెట్లు తాతగారి చెవికి అందడం మానేసి చాలా ఏళ్లయింది. పాత గ్రామఫోను రికార్డుల్లో మాత్రం అవెక్కడున్నాయి గనుక! అసలు తమాషా వేరే ఉంది. 2013 ప్రాంతంలో పరిశోధకులు హెడ్‌ఫోన్ ఎలా పలకాలో చెప్పే ఆ కర్వ్ గీసింది జనాన్ని కూర్చోబెట్టి, రకరకాలుగా వినిపించి, ‘ఏది బాగుంది?’ అని అడిగే. వాళ్లకు నచ్చింది ప్రమాణం, తాతగారికి నచ్చింది అజ్ఞానం!

‘‘గ్రాఫు నువ్వు వినుకో అబ్బాయ్’’ అంటూ ఆయన ఇంకో యాభై తగ్గించమన్నారు.