అరకులో తీరుబడిగా గడపడం ఎలా?

అరకులో రెండు రోజులు తీరుబడిగా గడపాలనుకునేవాళ్లు ముందు శుక్రవారం రాత్రి నిద్ర మానుకోవాలి. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు విశాఖలో పొద్దున్నే బయల్దేరుతుంది. కాబట్టి ఇంటిల్లిపాదీ మూడింటికే లేచి, పులిహోర కలిపి, గంట ముందే స్టేషన్‌కు చేరి, ‘ఇంత పెందలాడే ఎవరు తెమ్మన్నారు?’ అని ఒకరినొకరు విసుక్కోవాలి. విశ్రాంతికి ఇదే శుభారంభం.

2017లో వచ్చిన విస్టాడోమ్ బోగీలో సీట్లు దొరికాయా? అదృష్టవంతులే. పైన అద్దాలు, పక్కన అద్దాలు, ఎటు కావాలంటే అటు తిరిగే కుర్చీలు. వాటిని లోయవైపు కాకుండా బావగారి వైపు తిప్పుకుని, ఫ్లాట్ల రేట్ల గురించి మాట్లాడుకోండి. దారిలో డజన్లకొద్దీ సొరంగాలు వస్తాయి. ప్రతిదాంట్లోనూ అరవాలి, అది ఆచారం. ముప్పయ్యో దానికి గొంతు పోతుంది, మిగతావి పిల్లలకు అప్పగించండి. సొరంగం దాటగానే కొన్ని క్షణాలు లోయంతా కళ్లముందు పరుచుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఇందాకటి అరుపు వీడియోలో పడిందో లేదో చూసుకోవాలి.

రైలు మధ్యలో ఆగుతుంది. 1960లలో ఈ లైను వేసింది మన విహారం కోసం కాదు, బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి. ఇప్పటికీ గూడ్సుదే మర్యాద, మనది నిరీక్షణ. అలా శిమిలిగుడలో ఆగిందనుకోండి. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలో ఎత్తైనదిగా పేరుపడ్డ చోటది. కిటికీ అవతల పొగమంచు, చల్లగాలి. మీరు మాత్రం తల ఎత్తకుండా రైలెంత లేటో ఫోన్లో చూస్తూ ఉండండి. ఇనుపరాయికున్న తొందర మనకుండదా ఏం?

దిగగానే జీపు మాట్లాడుకుని, మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న: ‘మొత్తం ఎన్ని పాయింట్లు?’ తొమ్మిదంటే పదకొండు చెయ్యమనండి. పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం, చాపరాయి, గాలికొండ వ్యూపాయింట్... ఏది ముందో ఏది వెనకో గుర్తుండక్కర్లేదు, ఫోటోలకు తేదీ, టైమూ ఉంటాయి.

బొర్రా గుహల దగ్గర ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. లోపల గైడు టార్చి వేసి, ‘ఇది తల్లీబిడ్డా, అది రుషి గడ్డం, ఇదిగో మొసలి’ అని చూపిస్తాడు. మొసలి కనిపించకపోయినా ‘ఆఁ ఆఁ, అవునవును’ అనేయండి. కప్పు నుంచి నీటిచుక్క జారి, అందులోని పిసరంత సున్నం పేరుకుని, ఆ రాయి ఈమాత్రం పెరగడానికి వేల ఏళ్లు పట్టింది. దానికి నాలుగు సెకన్లు కేటాయిస్తే ధారాళమే. వెనక వేరే బ్యాచ్ తోసుకొస్తోంది.

బొంగు చికెన్ చెప్పాక అయిదో నిమిషంలో ‘అయిందా బాబూ?’ అని మొదలుపెట్టండి. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద దొర్లిస్తూ ఉంటాడు వంటవాడు. నూనె చుక్క ఉండదు, వెదురులోని చెమ్మతోనే ఉడకాలి. పచ్చ బొంగు మెల్లగా గోధుమరంగుకి తిరిగి, తర్వాత నల్లబడి, మూతి దగ్గర బుసబుసా ఆవిరి తన్నుతుంది. ఆ వాసనకైనా నోరు మూతపడాలి గానీ, మీరు పట్టు వదలొద్దు. ‘బొంగు నల్లబడాలి కదండీ’ అంటాడు. ‘మాకింకా నాలుగు పాయింట్లున్నాయి’ అనండి.

కాఫీ విషయం క్లుప్తంగా చెబుతాను. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి అల్లుకున్న మిరియాల తీగల పక్కన పండే అరబికా ఇది. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తోట పక్కనే కూర్చుని టీ అడగండి.

శీతాకాలమైతే వలిసె పూలు. కొండ అంచుదాకా పసుపే పసుపు. చేలోకి దిగి ఫోటో తీసుకోవడానికి రైతు ఏదో కొంచెం అడుగుతాడు. అది నూనెగింజల పంట, మీరు తొక్కిన మొక్క మళ్లీ లేవదు. అయినా గదికి వేలు పోసిన చేత్తోనే ఇక్కడ పది రూపాయల దగ్గర బేరమాడాలి. ‘పువ్వును చూడ్డానికి కూడా డబ్బులేనా?’ అన్న మాట గట్టిగా, నలుగురూ వినేలా అనాలి.

రెండోరోజు కాసేపు పడుకుందామని ఎవరైనా గొణిగితే వెంటనే వంజంగి పేరెత్తండి. మేఘాల సముద్రం చూడాలంటే నడిరాత్రి లేచి పాడేరు వైపు పోవాలి, చీకట్లో కొండెక్కాలి. పైన మేఘాల కంటే జనమే ముందు కనిపిస్తారు.

ఒక్క ప్రమాదముంది. ప్రతి జట్టులోనూ ఓ పెద్దావిడ ఉంటుంది. పొద్దున్నే గెస్ట్‌హౌస్ వరండాలో కుర్చీ వేయించుకుని, శాలువా కప్పుకుని, దారిన పోయే సంత జనాన్ని చూస్తూ కదలనంటుంది. ‘మీరెళ్లి అలిసిపోయి రండమ్మా, నేనిక్కడే ఉంటాను’ అంటుంది. ఇలాంటివాళ్లను ఊరికే వదిలేస్తే పిల్లలు కూడా నేర్చుకుంటారు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని జీపు ముందు సీట్లో కూర్చోబెట్టండి. మిగిలిన పాయింట్లు డ్రైవరు చూసుకుంటాడు.