అడవి మనిషి టాలర్ జీవితచరిత్ర

ఈ వెండి నాణెం జర్మనీలోని హార్జ్ కొండల గనుల్లో ఖనిజంగా పుట్టి, 1612లో బ్రౌన్‌ష్వైగ్ డ్యూక్ హైన్‌రిష్ యూలియుస్ పేర త్సెల్లర్‌ఫెల్డ్ టంకశాలలో ముద్రపడింది. ఒక ముఖాన వంశ చిహ్నాల డాలు, రెండో ముఖాన పెకలించిన చెట్టును చేతబట్టి నిలబడిన, ఒళ్లంతా వెంట్రుకలున్న అడవి మనిషి ఉండడంవల్ల సేకర్తలు దీన్ని అడవి మనిషి టాలర్ అంటారు. 1520 ప్రాంతంలో బొహీమియాలోని యోఆఖిమ్‌స్థాల్‌లో ముద్రణ ఊపందుకుని, తర్వాత జర్మన్ రాజ్యాలన్నిటా వ్యాపించిన పెద్ద వెండి నాణెమే టాలర్.

ఈ నాణేనికి గర్వకారణం దాని తూకం. 1566లో పవిత్ర రోమన్ సామ్రాజ్యం స్థిరపరచిన ప్రమాణం ప్రకారం టాలర్ సుమారు 29.2 గ్రాములు తూగాలి, అందులో దాదాపు 26 గ్రాములు మేలిమి వెండి ఉండాలి. 1619 నుంచి 1623 వరకు సాగిన కిప్పర్ ఉండ్ విప్పర్ కాలంలో, అంటే యుద్ధ ఖర్చుల కోసం పాలకులు చిల్లర నాణేల్లో వెండి తగ్గించి రాగి పెంచిన రోజుల్లో, పూర్తి తూకమున్న టాలర్లను ఏరి కరిగించి ఆ నాసిరకం చిల్లరగా మార్చారు. తోటి నాణేలెన్నో అలా మూసల్లో కలిసిపోగా, ఎవరో కుండలో దాచి మట్టిలో పాతిపెట్టడం వల్లనే ఇది బతికింది.

యుద్ధం చేయని గాయాన్ని అభిమానం చేసింది. మట్టిలోంచి బయటపడ్డాక ఒకరు దీన్ని నగగా ధరించడానికి అంచుకు కొక్కెం అతికించారు. తర్వాతి యజమాని దాన్ని ఊడదీసి, అతుకు కనబడకుండా ఆకురాయితో రాకడంతో అక్కడి అక్షరాలు రెండు అరిగిపోయాయి. అంతకన్నా బాధాకరమైనది మరో సేకర్త చేసిన శుభ్రత. గాలిలోని గంధక సమ్మేళనాలతో వెండి కలిసి ఏళ్ల తరబడి ఏర్పరచుకునే నల్లని పల్చటి పొరను, అంటే పాటినాను, ఆయన మురికి అనుకుని పొడితో రుద్ది తోమేశారు. ఆ మెరుపు కోసం అడవి మనిషి గడ్డంలో చెక్కడపు పనివాడు తీర్చిన సన్నని గీతలు పోయాయి. పాటినా మళ్లీ ఏర్పడవచ్చు గానీ గీతలు తిరిగి రావు. జాగ్రత్తగల సేకర్త నాణేన్ని అంచు పట్టుకుని ఎత్తుతాడు, తూచి రాసుకుంటాడు, తోమడు; ఈ టాలర్‌కు అలాంటి చేతులు ఆలస్యంగా దొరికాయి.

అన్నిటికన్నా పెద్ద నష్టం మాత్రం లోహానికి జరిగింది కాదు. ఈ నాణెంతోపాటు ఒక పాత కాగితపు కవరు ఉండేది. ఏ ఊరి పొలంలో, ఏ నాణేలతో కలిసి ఇది దొరికిందో దానిమీద రాసి ఉండేది. ఎవరో కొత్త పెట్టెలోకి మారుస్తూ ఆ కవరును చెత్తలో వేశారు. నాణెం ఎంత ఆరోగ్యంగా ఉన్నా, దాన్ని పాతిపెట్టిన మనిషి ఏ సైన్యానికి భయపడి పారిపోయాడో ఊహించడానికి పరిశోధకుడికి మిగిలిన ఒకే ఒక్క దారి అలా మూసుకుపోయింది.